ఫోస్టర్ పేరెంట్‌గా ఉంటే మనకు ఏమి దక్కుతుంది?

పిల్లలు ఉద్యోగాలకు వెళ్ళిపోయారు, ఇల్లు బోసిపోయింది, ఫోస్టర్ పేరెంట్‌గా, అంటే సొంతవాళ్ళు చూసుకోలేని పిల్లలను కొంతకాలం మన ఇంట్లో పెంచేవాళ్ళుగా ఉంటే, మనకు దక్కేది ఏమిటి అని మీరు అడిగారు. కడపలో మా ఇంట రెండున్నరేళ్ళు పెరిగిన పాప గురించి చెబుతాను.

2022 జూన్‌లో వచ్చింది. అప్పటికి తొమ్మిదేళ్ళు. తండ్రి లేడు. తల్లి ఇంటిపనికి కువైట్ వెళ్ళింది. రాయచోటి వైపు ఊళ్ళలో అమ్మను ఫోనులోనే చూస్తూ అమ్మమ్మల దగ్గర పెరిగే పిల్లలు చాలామంది. ఈ పాపకు ఆ అమ్మమ్మ కూడా పోయింది. కొన్నాళ్ళు బాలసదనంలో ఉంచి, బాలల సంక్షేమ కమిటీ మా ఇంటికి పంపింది.

వచ్చిన రోజు నుంచి పాప నోట ఒకటే మాట: "మీ ఇష్టం." అన్నం పెట్టనా, సంగటి పెట్టనా? మీ ఇష్టం. పచ్చ గౌనా, ఎర్ర గౌనా? మీ ఇష్టం. ఎంత బుద్ధిమంతురాలో అని ఇరుగుపొరుగు మెచ్చుకుంటే నేనూ మురిసిపోయాను. అక్కడే పొరపాటు చేశాను.

బడి తెరిచే ముందు వైవీ స్ట్రీట్‌లో చెప్పులు కొన్నాను. సరిపోయాయా అంటే సరిపోయాయంది. పది రోజుల తర్వాత కాళ్ళు కడుక్కుంటుంటే చూశాను. రెండు మడమలూ పుండ్లు, బొటనవేలి గోరు నల్లగా కమిలిపోయి ఉంది. "ఎందుకు చెప్పలేదమ్మా?" అంటే, "డబ్బులు ఇచ్చేశారు కదా పెద్దమ్మా" అంది. ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు. వద్దు అనడానికి కూడా తనకు హక్కు లేదనుకుని ఒక పసిపిల్ల పది రోజులు కుంటకుండా నడిచింది! నెమ్మదిగా ఉన్న పిల్లను చూసి మంచి పిల్ల అనే అలవాటు మనవాళ్ళకు ఎప్పుడు పోతుందో. నా మటుకు నాకు, ఇంట్లో పిల్లలు దేనికీ పేచీ పెట్టడం లేదంటే అక్కడ భయం ఉన్నట్టే.

అమ్మ అని పిలిపించుకోలేదు. వాళ్ళమ్మ బతికే ఉంది కదా. మన భాషలో దీనికి సరైన మాట కూడా లేదు. పెంపుడు తల్లి అంటే దత్తత అనుకుంటారు. దత్తత వేరు. ఇది 2015 నాటి బాలల న్యాయ చట్టం 44వ సెక్షన్ కింద, సొంతవాళ్ళు చూసుకోగలిగే వరకు పాపను మన ఇంట్లో పెంచడం. ఇది ఎన్నిసార్లు చెప్పినా బంధువులు ఏ కులం అని, ఆస్తి రాసిస్తారా అని అడిగేవాళ్ళు. పాప అక్కడే కూర్చుని వింటుండగా అడిగేవాళ్ళు! నెలకు నాలుగు వేలు వస్తాయటగా అని ఒకావిడ నవ్వింది. పిల్లల సంరక్షణకు కేంద్ర ప్రభుత్వం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద ఆ సాయం ఉన్న మాట నిజమే. అది పాప చదువుకూ తిండికీ ఇచ్చే డబ్బు. అందులో సిగ్గుపడాల్సింది ఏముంది? ఆ తర్వాత ఆవిడ ఇంటి గడప తొక్కలేదు నేను.

ఏడాదిన్నర గడిచింది. సంక్రాంతికి ముందు మళ్ళీ చెప్పుల దుకాణానికి వెళ్ళాం. మొదటి జత వేసుకుని నాలుగడుగులు వేసింది. "వేలు నొక్కుతోంది" అంది. రెండోది వదులు. మూడోదాని రంగు నచ్చలేదు. దుకాణంలో అబ్బాయి పైఅరల్లోంచి డబ్బాలు దించుతూనే ఉన్నాడు. ఏడో జత విప్పి, నా ముఖం కేసి చూసి, "పెద్దమ్మా, ఇవేవీ నాకొద్దు, వేరే చోటికి పోదాం" అంది. దుకాణదారు విసుక్కున్నాడు. నాకు మాత్రం ఆ అబ్బాయి చేతులు పట్టుకుని దండం పెట్టాలనిపించింది. బయటికి వచ్చి, మెట్ల మీద నిలబడి కళ్ళు తుడుచుకున్నాను. దుమ్ము పడిందా అని పాప అడిగింది. లేదు, సంతోషంతో అని నిజమే చెప్పాను.

మీరు అడిగిన ప్రతిఫలం నాకు ఆ మెట్ల మీదే దక్కింది.

2024 చివర్లో వాళ్ళమ్మ తిరిగి వచ్చింది. ఊళ్ళో కుట్టుమిషన్ పెట్టుకుంది. కమిటీ విచారించి పాపను అప్పగించింది. ఏడవలేదని చెప్పను. మా ఆయన వారం రోజులు బడి వదిలే వేళకు స్కూటర్ తాళం చేతిలోకి తీసుకుని, మళ్ళీ మేకుకు తగిలించేవారు.

మీకు నిజంగా మనసుంటే జిల్లా బాలల సంరక్షణ విభాగానికి వెళ్ళి అడగండి. ఇల్లు చూస్తారు, విచారిస్తారు, పాప వచ్చాక కూడా వచ్చి చూస్తారు. చూడాలి కూడా. ఫోస్టర్ పేరెంట్స్ గురించి కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన 2024 మార్గదర్శకాల ప్రకారం 35 నుంచి 60 ఏళ్ళ మధ్య ఉన్న ఒంటరివాళ్ళు కూడా దరఖాస్తు చేయవచ్చు. తోడు లేదని వెనుకాడకండి.

మొన్న వాళ్ళమ్మ ఫోను చేసింది. "అక్కా, ఇది ప్రతిదానికీ వంక పెడుతోంది. ఒక పావడా కుడితే మూడుసార్లు విప్పించింది" అంది. ఎక్కడ బిగుతుగా ఉందట అని అడిగాను. నడుం దగ్గరట. "అయితే వదులు చెయ్యమ్మా" అన్నాను.