మారుమనస్సులో ‘మారు’ ఏ మారు?

సందేహం: డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మా పాస్టరుగారు “పశ్చాత్తాపపడితే చాలదు, మారుమనస్సు పొందాలి” అన్నారు. ఇంటికి వచ్చాక మా తమ్ముడు “మారుపేరు, మారువేషం, మారుతాళం... అన్నీ దొంగవే కదక్కా, మారుమనస్సు కూడా అంతేనా?” అని నవ్వాడు. నాకు జవాబు తోచలేదు. అసలది ‘మారిన మనస్సు’ అని ఉండాలేమో! ఈ రెండు మాటలకీ నిజంగా తేడా ఉందా? ఇంకొకటి. కొత్త సంవత్సరం కార్డుల మీద వేసే “పాతవి గతించెను, ఇదిగో క్రొత్తవాయెను” అనే వాక్యంలో కర్త బహువచనం, క్రియ చూస్తే ఏకవచనం. ఇది తప్పు కాదా?

సమాధానం: మీ తమ్ముడు నవ్వులాటకి అన్నా మంచి ప్రశ్నే వేశాడు. అతను చెప్పిన మూడు మాటల్లోనూ మోసం వాసన ఉన్న మాట నిజమే. అయితే ఆ మోసం ‘మారు’లో ఉందా, దాన్ని వాడుకునే మనిషిలో ఉందా అన్నది చూడాలి. మారుతాళం దొంగ చేతిలో ఉంటే దొంగతాళం, ఇంటివాళ్ల దగ్గర ఉంటే అవసరానికి దాచుకున్న రెండో తాళం. మారుమాట అంటే బదులు మాట. మారుమనువు అంటే రెండో పెళ్లి. వీటిలో దొంగతనం ఏముంది? ‘మారు’ అంటే మరొకటి, రెండోది, ఒకదాని స్థానంలో వచ్చేది. అంతే.

తెలుగులో ‘మారు’ అనే క్రియ కూడా ఉంది కదా, అదే ఇక్కడ విశేషణమైందని కొందరు అంటారు. దాంతో ఒక చిక్కుంది. కావ్యభాషలో ‘పారు నీరు’ అంటే పారే నీరు, ‘వీచు గాలి’ అంటే వీచే గాలి. ఆ లెక్కన ‘మారు మనస్సు’ అంటే మారే మనస్సు, అంటే పూటకో రకంగా ఉండే మనస్సు అవుతుంది. జనవరి మొదటి తేదీన ఒకలా, పదో తేదీన ఇంకోలా ఉండే మనస్సుకి ఆ అర్థం సరిపోతుందేమో గాని, సువార్తలు చెప్పేది దాన్ని గురించి కాదు. ‘మారిన మనస్సు’ అంటే తప్పేమీ లేదు, కాకపోతే అది వర్ణన. ‘మారుమనస్సు’ ఒక పేరు, ఒకే మాటగా కుదిరిన సమాసం. తెలుగు ‘మారు’ పక్కన సంస్కృతం ‘మనస్సు’ ఏమిటని ఎవరైనా అడిగితే ‘మారువేషం’ చూపించండి. అందులోనూ వేషం సంస్కృతమే.

నన్నడిగితే దీనికి అసలైన చుట్టం ‘మారుబట్టలు’. ప్రయాణానికి బయల్దేరేవాళ్లని “మారుబట్టలు పెట్టుకున్నావా?” అని అడుగుతాం. అవి దొంగబట్టలు కావు. ఒంటిమీద ఉన్నవి మాసిపోతే విడిచి కట్టుకునేవి. ఈ పోలిక నేను లాక్కొచ్చి అతికించింది కాదు. బైబిలులో ఎఫెసీయులకు రాసిన పత్రిక (అంటే ఉత్తరం) 4వ అధ్యాయంలో తొలి క్రైస్తవ బోధకుడు పౌలు “ప్రాచీనస్వభావమును వదులుకొని”, “నవీనస్వభావమును ధరించుకొనవలెను” అంటాడు. మూలభాష అయిన గ్రీకులో ఆ రెండు క్రియలూ బట్టలు విడవడానికి, తొడుక్కోవడానికి వాడేవే. తెలుగు అనువాదకులు ‘ధరించుకొను’ అని పెట్టి ఆ పోలికని చెక్కుచెదరకుండా ఉంచారు.

ఇక పశ్చాత్తాపం. ‘పశ్చాత్’ అంటే తరువాత, ‘తాపం’ అంటే కాల్చే వేడి. తప్పు చేసేటప్పుడు తెలియదు, చేశాక కాలుతుంది. ఆ మాట చూపు ఎప్పుడూ వెనక్కే. మారుమనస్సుకి మూలమైన గ్రీకు మాట ‘మెటానోయా’. అందులో ‘నూస్’ అంటే మనస్సు, ‘మెటా’ మార్పును సూచిస్తుంది. కాబట్టి మన మాట ఆ మాటకి దాదాపు అచ్చు. బాప్తిస్మమిచ్చు యోహాను అరణ్యంలో “మారుమనస్సు పొందుడి” అని చాటిన చోట ఉన్నది దీని క్రియారూపమే.

యేసుని పట్టించిన శిష్యుడు యూదా సంగతి వచ్చేసరికి సువార్త రాసిన మత్తయి వేరే మాట వాడతాడు. యేసుకి శిక్ష పడిందని చూసి యూదా “పశ్చాత్తాపపడి” 30 వెండి నాణేలు తిరిగి ఇచ్చేశాడని మన బైబిలులో ఉంది. అక్కడి గ్రీకు క్రియ వేరు, మెటానోయాకి సంబంధించింది కాదు. యూదా బాధ నటన కాదు. డబ్బు కూడా తిరిగి ఇచ్చాడు. కాని ఆ మంట అతన్ని ఉరి దాకా తీసుకుపోయింది. అదే గ్రీకు క్రియ అంతకుముందు మత్తయి సువార్త 21వ అధ్యాయంలో, తోటలో పనికి పోనని చెప్పి తర్వాత వెళ్లిన కొడుకు కథలోనూ వస్తుంది. తెలుగువాళ్లు అక్కడ ‘మనస్సు మార్చుకొని’ అన్నారు. ఈ ఎంపిక నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. వాడుకలో ‘మనసు మార్చుకున్నాడు’ అంటే అనుకున్న పని మానేశాడనో, కాదన్న పనికి ఒప్పుకున్నాడనో అర్థం. అది నిర్ణయం మారడం. రోజూ పొద్దున్నే లేస్తానని జనవరిలో ఒట్టు పెట్టుకుని ఫిబ్రవరిలో మానేసినవాడు కూడా మనసు మార్చుకున్నవాడే! అందుకే ‘మనసు మార్చుకోవడం’, ‘మారుమనస్సు పొందడం’ ఒకటి కావు. మొదటిదానిలో మారేది నిర్ణయం, రెండోదానిలో నిర్ణయించే మనస్సే.

మీ పాస్టరుగారి మాటకి ఆధారం పౌలు రాసిన మరో పత్రిక, 2 కొరింథీయులకు 7:10లో దొరుకుతుంది: “దైవచిత్తానుసారమైన దుఃఖము రక్షణార్థమైన మారుమనస్సును కలుగజేయును.” దుఃఖం ముందు, మారుమనస్సు తర్వాత. రెండూ ఒకటే అయితే ఒకటి రెండోదాన్ని కలగజేయడం కుదరదు. మన నిఘంటువుల్లో పశ్చాత్తాపం, మారుమనస్సు పక్కపక్కన కనిపిస్తే కంగారు పడకండి. ఇతర భాషలూ ఇక్కడ తడబడ్డాయి. లాటిన్ బైబిలులో “మారుమనస్సు పొందుడి” అనే ఆజ్ఞకి వాడిన మాటకి ‘ప్రాయశ్చిత్తం చేయండి’ అనే అర్థం కూడా వచ్చేది. 1517లో జర్మనీ మతసంస్కర్త మార్టిన్ లూథర్ రాసిన 95 సిద్ధాంతాల్లో మొట్టమొదటిది దీని గురించే. క్రీస్తు ఈ మాట అన్నప్పుడు విశ్వాసి బతుకంతా మారుమనస్సుగా ఉండాలని కోరాడు అంటుంది అది. ఒక్క రాత్రి ఆరాధనతో తీరే పని కాదన్నమాట.

కార్డు మీది వాక్యానికి వద్దాం. అది 2 కొరింథీయులకు 5:17. తప్పు లేదు. పాత తెలుగులో భూతకాలపు ‘-ఎను’ రూపం వాడికీ, ఆమెకీ, దానికీ, వాటికీ ఒకటే: వాడు వచ్చెను, ఆమె వచ్చెను, అది వచ్చెను, అవి వచ్చెను. మనుషుల బహువచనానికి మాత్రమే ‘వారు వచ్చిరి’ అని వేరే రూపం. బైబిలులో జలప్రళయం వచ్చిన నోవహు కథలో “ఆకాశపు తూములు విప్పబడెను” అన్నదీ ఇలాంటిదే. మనం ‘అవి వచ్చాయి’కి అలవాటు పడి దాన్ని ఏకవచనం అనుకుంటున్నాం. సంధి కూడా సరైనదే: క్రొత్తవి + ఆయెను. ‘అవి’ చివరి ఇకారానికి సంధి వికల్పమని, అంటే చేసినా మానినా సరేనని, వ్యాకరణం ఒప్పుకుంటుంది.

అదే వచనంలో దీనికి ముందున్న ‘నూతన సృష్టి’లో నూతన, ‘క్రొత్తవాయెను’లో క్రొత్త... ఈ రెండు చోట్లా గ్రీకులో ఉన్నది ఒకటే మాట. ‘సృష్టి’ పక్కన సంస్కృత విశేషణం, ఒంటరిగా వచ్చినచోట తెలుగు మాట పెట్టారు. చెవికి బాగుంటుంది, అంతకుమించి అర్థభేదం వెతకనక్కర్లేదు.

కార్డు వేయించేటప్పుడు లేఖనాన్ని ఉన్నది ఉన్నట్టు వేయండి. సొంత మాటల్లో రాస్తే ‘పాతవి గతించాయి, కొత్తవి అయ్యాయి’ అనండి. ఈమధ్య చూసిన ఒక కార్డులో ‘పాతవి గతించాయి, ఇదిగో క్రొత్తవాయెను’ అని ఉంది. సగం ఇప్పటి భాష, సగం అప్పటి భాష. అలా కలపకండి. అన్నట్టు, ‘క్రొత్త’కి క్రావడి (ర వత్తు) ఉంచినవాళ్లు దానికి జోడీ అయిన ‘ప్రాత’కి మాత్రం తీసేసి ‘పాతవి’ అన్నారు. బైబిలు రెండు భాగాల పేర్లూ అంతే: పాత నిబంధన, క్రొత్త నిబంధన. పాతదేమో కొత్త స్పెల్లింగులో, కొత్తదేమో పాత స్పెల్లింగులో!