పేగులు అక్కడే వదిలితే జింకలు రావా?

ప్రశ్న: టెక్సాస్‌లో లైసెన్సుతో తెల్లతోక జింకల్ని వేటాడతాం. మంచె దగ్గరే పొట్ట చీల్చి పేగులు తీస్తే మిగతా జింకలు అటు రావడం మానేస్తాయా?

జవాబు: మానవండీ. నెత్తురు, పేగుల వాసనకు జింకలు పెద్దగా బెదరవు. వాటిని తరిమేది మనిషి వాసన, అలికిడి. కయోటీలు (నక్కల్లాంటి అడవి జంతువులు), రాబందులు మూగితే మాత్రం కొన్నాళ్లు జంకుతాయి. అందుకని ముందు ట్యాగ్ (లైసెన్సుతో వచ్చే గుర్తింపు చీటీ) కట్టి, మంచెకు 100 గజాలవతలికి ఈడ్చి కోయడం మేలు. ఎండగా ఉంటే ఆలస్యం చేయొద్దు, మాంసం చెడుతుంది.

కత్తి పదును పైకి తిప్పి, రెండు వేళ్ల మధ్య ఆనించి చర్మాన్నే చీల్చండి. లోతుగా దిగి మూత్రాశయమో పేగో తెగిందా, మాంసమంతా కంపే! వ్యర్థాలు వాగు పక్కన వదలొద్దు. సీడబ్ల్యూడీ అనే జింకల మెదడు తెగులు వల్ల కళేబరం వ్యర్థాలపై నిబంధనలుంటాయి. వేటకు ముందే చూసుకోండి.

(ఇండియాలో మాత్రం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం జింక వేట నేరం.)