ఫ్యాంటసీ కథల్లోని పతనమైన భయ దేవుడు, ఒడిశాలోని మన బరంపురం అమ్మవారు బుఢీ ఠాకురాణి ఒకలాంటివాళ్లేనా?

కాదు, చూపులకు ఇద్దరూ ఉగ్రంగానే ఉన్నా వాళ్ల పని పూర్తిగా వేరు. కల్పిత పురాణాల్లో భయ దేవుడు సాధారణంగా ఒకప్పుడు దేవతల్లో ఒకడు, అత్యాశకు పోయి చీకటి పాలైనవాడు. జనం ఎంత వణికితే అతనికి అంత బలం. ఠాకురాణి ఎక్కడినుంచీ పడిపోలేదు. జబ్బు చేసినా, ఆపద వచ్చినా జనం తమ భయాన్ని ఆవిడకే అప్పజెప్పి వస్తారు.

రెండేళ్లకోసారి జరిగే యాత్రనే చూడండి. తెలుగు నేతగాళ్లైన దేరా కులపెద్ద దేశిబెహరా ఆవిడను కూతురిలా పుట్టింటికి పిలుచుకొస్తాడు. నాకు అన్నిటికన్నా పెద్ద రుజువు అదే. భయపెట్టే శక్తిని ఎవరూ పుట్టింటికి పిలవరు కదా! పులివేషం మొక్కుకున్నవాళ్లు ఒంటినిండా పసుపు రంగు, నల్లచారలు పూయించుకుని, వాయిద్యాల మోతకు వీధుల్లో ఆడతారు. చూసిన పసివాళ్లు జడుసుకుంటారేమో గానీ, అది మొక్కు తీర్చుకోవడం.

చాలామంది పొరబడేది రూపం దగ్గరే. కోరలు, ఎర్రని కళ్లు కనిపిస్తే చాలు, చెడ్డశక్తి అనేస్తారు. ఒడిశాలోనే ఉన్న రాయగడ మజ్జిగౌరమ్మ గుడికి శ్రీకాకుళం, విజయనగరం నుంచి కూడా పిల్లాపాపలతో వెళ్లి మొక్కులు తీర్చుకునేవాళ్లను అడగండి, ఆవిడను అమ్మ అనే అంటారు.