లారీలు వరుస కట్టకముందే కంటెయినర్లు సర్దుకో

అమ్మాయీ,

చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో చేరావని, అక్కడి సర్వర్లు నీకు అప్పగించారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా సంతోషం. తోతాపురి లారీలు గేటు ముందు బారులు తీరాక నీకు ఊపిరాడదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

ప్రోగ్రాములను కంటెయినర్లనే విడివిడి పెట్టెల్లో నడిపే సాఫ్ట్‌వేరు డాకర్. దాని స్థాపన పెద్ద పనేమీ కాదు. ఉబుంటు ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే డాకర్ డాట్ ఐఓ ప్యాకేజీ కానీ, డాకర్ సంస్థ ఇచ్చే డాకర్ సీఈ కానీ ఏదో ఒకటే ఉంచు, రెండూ కలిపితే గొడవ. హలో వరల్డ్ అనే పరీక్ష కంటెయినర్ నడిచిందంటే అంతా సరిగ్గా ఉన్నట్టే. అయితే ప్రతి ఆదేశం ముందూ అధికారం కోసం సుడో కొట్టడం విసుగని ఆఫీసులో అందరినీ డాకర్ గ్రూపులో చేర్చకు. ఆ గ్రూపులో ఉన్నవారి చేతిలో రూట్ తాళాలు, అంటే సర్వరు మీద పూర్తి అధికారం, పెట్టినట్టే.

ఇక అసలు సంగతి. తిరుపతిలో పెరిగినదానివి, లడ్డూ దిట్టం గురించి నీకు చెప్పక్కర్లేదు. శనగపిండి ఎంత, నెయ్యి ఎంత, యాలకులు ఎంత అన్నది ముందే రాసి ఉంటుంది, గుడి వంటశాల పోటులో ఎవరు చేసినా అదే కొలత. డాకర్‌ఫైలు అలాంటి దిట్టం. దాన్ని బట్టి తయారయ్యేది ఇమేజి, ఇమేజిని నడిపితే కంటెయినర్. డాకర్ ఎగ్జెక్‌తో లోపలికి వెళ్లి చూడు, తప్పు లేదు. సవరణ మాత్రం డాకర్‌ఫైలులోనే చెయ్యి. లోపల చేత్తో దిద్దినది దిట్టంలోకి ఎక్కదు, కంటెయినర్‌తోనే పోతుంది. లేటెస్ట్ అనే ట్యాగును కూడా నమ్ముకోకు. ట్యాగు చెప్పనప్పుడు పడే పేరే తప్ప, అదే అన్నిటికన్నా కొత్తదన్న హామీ లేదు. వెర్షను అంకె రాయి.

ఇది నేను తెలుసుకున్న రాత్రి ఇప్పటికీ మరచిపోలేదు. ఒక ఫ్యాక్టరీలో కాటా దగ్గర లారీ బరువులు నమోదు చేసే ప్రోగ్రాము నేనే చూసేవాడిని. సీజను నడిమధ్యలో కొత్త వెర్షను వేద్దామని పాత కంటెయినర్‌ను ఆపి, డాకర్ ఆర్ఎం కొట్టాను. కొత్తది నిమిషంలో లేచింది. తెర మీద పట్టిక మాత్రం ఖాళీ. ఆ రోజు బరువులన్నీ పాత కంటెయినర్ లోపలి ఫైలులో ఉన్నాయి, కంటెయినర్ పోయినా నిలిచే బయటి నిల్వను, అంటే వాల్యూమ్‌ను, తగిలించనే లేదు. డ్రైవర్ల జేబుల్లోని చీటీలు అడిగి తీసుకుని, తెల్లవారేదాకా టైపు చేశాం. ఒక రైతు చీటీ చెమటకు తడిసి అంకెలు అలుక్కుపోయాయి. ఆయన దాన్ని దీపం కిందకు పట్టుకుని, వేలితో ఒక్కొక్క అంకె మీదా రాస్తూ గుర్తు చేసుకున్నాడు. అది ఆయన ఏడాది పంట.

అందుకే డాకర్ స్టాప్ వేరు, డాకర్ ఆర్ఎం వేరు. స్టాప్ ఆపుతుంది, ఆర్ఎం తుడిచేస్తుంది. దాచుకోవలసిన ప్రతి ఫైలూ వాల్యూమ్‌లో ఉండాలి. రన్ చేసేటప్పుడే మైనస్ వీతో దాన్ని తగిలించు. వాల్యూమ్ ఉంది కదా అని బ్యాకప్ మానకు, డిస్కు పోతే అదీ పోతుంది.

డిస్కు అంటే గుర్తొచ్చింది, కంటెయినర్లు రాసుకునే చిట్టాలకు, అంటే లాగ్‌లకు, డాకర్ మామూలుగా హద్దు పెట్టదు. డాకర్ సెట్టింగుల ఫైలు డీమన్ డాట్ జేసన్‌లో మ్యాక్స్ సైజ్, మ్యాక్స్ ఫైల్ రాయి. కొత్తగా సృష్టించే కంటెయినర్లకే అది వర్తిస్తుంది కాబట్టి పాతవాటిని తీసేసి మళ్లీ సృష్టించుకోవాలి. స్థలం ఎక్కడ పోతోందో డాకర్ సిస్టమ్ డీఎఫ్ చూపిస్తుంది. సిస్టమ్ ప్రూన్ ఆగి ఉన్న కంటెయినర్లను అడిగి తీసేస్తుంది, కాబట్టి ముందు డాకర్ పీఎస్ మైనస్ ఏ కొట్టి ఏవేవి ఆగి ఉన్నాయో చదువు. దానికి వాల్యూమ్స్ అన్న మాట మాత్రం ఎప్పుడూ జోడించకు.

నెట్‌వర్కు ద్వారమైన పోర్టును 8080:80 అని ఊరికే రాస్తే అన్ని దిక్కులకూ తెరుచుకుంటుంది. ఉబుంటు ఫైర్‌వాల్ యూఎఫ్‌డబ్ల్యూలో మూసినా లాభం లేదు, డాకర్ తన నియమాలు తానే రాసుకుంటుంది. సర్వరుకే పరిమితం చేయాలంటే ముందు 127.0.0.1 చేర్చు. కరెంటు పోయి వచ్చాక కంటెయినర్లు వాటంతట అవే లేవాలంటే రీస్టార్ట్ దగ్గర అన్‌లెస్ స్టాప్డ్ పెట్టు.

సీజనుకు ముందు ఒక ఆదివారం, పరీక్షకు పెట్టుకున్న యంత్రం మీద కాటా కంటెయినర్‌ను తుడిచేసి, బ్యాకప్ నుంచి మళ్లీ నిలబెట్టు. పాత బరువులన్నీ కనబడ్డాయో లేదో లెక్కపెట్టు. నేనూ ఉదయం బస్సుకు వస్తాను. ఈలోపు డాకర్‌ఫైలు, కంటెయినర్లను ఎలా నడపాలో రాసుకునే కంపోజ్ ఫైలు నాకు పంపు, చదివి ఉంచుతాను.

మీ మామయ్య,
తిరుపతి