మింట్ ఎర్రర్ అని 42 వేలకు అంటగట్టాడు, డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మాది దేవరకొండ. చిన్నప్పటి నుంచి నాణేలు సేకరిస్తున్నాను. 22 నెలల క్రితం హైదరాబాద్‌లో ఒక వ్యాపారి దగ్గర, అంచున నెలవంక లాగా కోత పడ్డ ఐదు రూపాయల బిళ్లను 42 వేలకు కొన్నాను. మింట్ ఎర్రర్ (టంకశాలలోనే తప్పుగా తయారైన నాణెం), గ్యారంటీ అని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు. బిల్లు మీద మాత్రం ‘ఒక నాణెం’ అనే రాశాడు. ఆ ఫోన్ తర్వాత మా మేనల్లుడికి ఇచ్చేశాను. మరకలున్నాయని బిళ్లను చింతపండుతో తోమాను. మొన్న తెలిసినాయన చూసి ఇది ఆకురాయితో అరగదీసిందన్నాడు. ఇంట్లో రోజూ గొడవే, మా ఆవిడ మాట్లాడటం మానేసింది. వ్యాపారి వచ్చే నెల ఇస్తానంటూ తిప్పుతున్నాడు. ఎర్రర్ కాయిన్ అనే చెప్పి ఆన్‌లైన్‌లో అమ్మేయొచ్చా?

జవాబు: అమ్మొద్దు. ఇప్పటిదాకా మీరు మోసపోయిన మనిషి. విషయం తెలిశాక అదే మాట చెప్పి ఇంకొకరికి అమ్మితే మోసం చేసిన మనిషి అవుతారు, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద ఏడేళ్ల దాకా శిక్ష పడొచ్చు, మీకు తెలుసనడానికి ఆ చూసినాయనే సాక్షి. పైగా బిళ్ల చేయి దాటితే మీ కేసుకు వస్తువే ఉండదు.

కేసు తేలేది ఒక్కదాని మీదే. డబ్బు కట్టక ముందు అది మింట్ ఎర్రర్ అని అతను చెప్పినట్టు మీరు చూపగలరా? ఫలానా అని చెప్పి అమ్మిన సరుకు ఆ ఫలానా దానిలాగే ఉండాలని 1930 నాటి వస్తు విక్రయ చట్టం సెక్షన్ 15 చెబుతుంది. ‘ఒక నాణెం’ అన్న బిల్లుతో అది రుజువు కాదు, అతను ఇచ్చింది నాణెమే కదా. ఆ వాయిస్ మెసేజే మీ కేసు, దాన్ని మీరు మేనల్లుడి చేతిలో పెట్టారు! ఇవాళే ఆ ఫోన్ తెప్పించండి, రీసెట్ చేయనివ్వకండి. మెసేజ్ దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జత చేయాలి, ఉత్త స్క్రీన్‌షాట్లతో పని జరగదు. యూపీఐలో కట్టి ఉంటే ఆ చెల్లింపు వివరం బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సహా పెట్టండి.

బిళ్లను తోమడం మాత్రం చాలా తప్పు. ఆకురాయి గీతలు ఏమైనా మిగిలి ఉంటే వాటిని మీ చేత్తోనే మసక చేశారు, మీరు తోమడం వల్లే అలా అయిందని అతను అంటాడు. అదృష్టం కొద్దీ తోమినా పోని గుర్తు ఒకటుంది. టంకశాలలో రేకు సరిగ్గా జరగక, ముందు కొట్టిన రంధ్రం మీదే పంచ్ పడితే ఆ బిళ్లకు వంక కోత వస్తుంది. దానికి అంచు కట్టేటప్పుడు కోతకు సరిగ్గా ఎదురు వైపు ఒత్తిడి అందదు కాబట్టి అక్కడ అంచు పలచబడుతుంది. బయట అరగదీసిన బిళ్లకు ఎదురు అంచు మామూలుగా, నిండుగా ఉంటుంది. చాలా కేసుల్లో దీంతోనే తేలుతుంది, అయితే ఒక్కదాని మీదే ఆధారపడకుండా నాణేల నిపుణుడితో ఫొటోలు, బరువుతో సహా రాతపూర్వక అభిప్రాయం, అఫిడవిట్ తీసుకోండి. సంవత్సరం కింద నక్షత్రం ఉందని అతను చూపిస్తే తికమక పడకండి. అది హైదరాబాద్ మింట్‌లో అచ్చయిందనే చెబుతుంది, కోత ఎక్కడ పడిందో చెప్పదు. ఇకపై బిళ్లను ముట్టుకోకుండా కవర్లో పెట్టి సీల్ చేయండి.

గడువు సంగతి ఇంకా తొందర. వినియోగదారుల చట్టం సెక్షన్ 69 ప్రకారం రెండేళ్లు. మోసం మొన్ననే తెలిసిందని వాదించొచ్చు, కానీ ఆ వాదన మీద కూర్చోకండి, కొన్న రోజు నుంచే లెక్కేసుకుని మిగిలిన రెండు నెలల్లో ఫిర్యాదు వేసేయండి. వచ్చే నెల ఇస్తానన్న నోటి మాటతో గడువు పెరగదు, లీగల్ నోటీసు పంపినా ఆగదు.

వ్యాపారి హైదరాబాద్‌లో ఉన్నా మీరుండేది ఈ జిల్లాలో కాబట్టి నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. మీరు సేకరణకే కొన్నారని చూపడానికి పాత ఆల్బమ్‌లు, పాత బిల్లులు జత చేయండి, ఎందుకంటే తిరిగి అమ్మడానికి కొన్నవారిని చట్టం వినియోగదారుడు అనదు. నిజంగా లాభానికే కొని ఉంటే దాచకండి, కమిషన్‌కు వెళ్లకుండా సివిల్ కోర్టులో దావా వేయండి, అక్కడ మూడేళ్ల గడువు ఉంటుంది. ముందు 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, ఆ పదిహేను రోజుల్లోనే ఫోన్, నిపుణుడి అభిప్రాయం సిద్ధం చేసుకుని వకీలును కలవండి.