కందిపప్పు సీసాకి లేబుల్ ఎందుకండీ?

ప్రశ్న: కొత్తింట్లో వంటింటి డబ్బాలన్నిటికీ లేబుళ్లు ప్రింట్ చేయించి అంటించాలనుకుంటున్నాను. నిజంగా ఉపయోగం ఉంటుందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

అంటించకండి. గాజు సీసాలో కందిపప్పు కళ్లెదురుగా కనిపిస్తూనే ఉంటుంది. దాని మీద మళ్లీ ‘కందిపప్పు’ అని రాస్తే ఫొటోకి బాగుంటుంది గానీ వంటకి ఒరిగేదేమీ లేదు. స్టీలు డబ్బాలైనా అంతే, కొన్నాళ్లు వంట చేస్తే చెయ్యే డబ్బాని వెతుక్కుంటుంది. తడిచేత్తో, నూనెచేత్తో పట్టుకునే సరికి ఆ కాగితం అంచులు లేచి, జిడ్డు పట్టి, తీసేద్దామన్నా ఊడదు. మైదా, బియ్యప్పిండి పక్కపక్కన పెట్టుకునే అలవాటుంటే వాటికి మాత్రం రాసుకోండి, కాదనను.

నన్నడిగితే, లేబుల్ ఉండాల్సింది కంటికీ ముక్కుకీ అందని సంగతి చెప్పడానికి. వస్తువు ఎవరిది, ఎప్పటిది, ఎన్నాళ్లు పనికొస్తుంది? ఇవి చూస్తే తెలియవు. మన పెద్దవాళ్లకి ఇది బాగా తెలుసు. వాళ్లు పప్పు డబ్బాల జోలికి పోలేదు, గిన్నెల మీద పేర్లు వేయించారు.

తెనాలిలో మా పెద్దమ్మ కూతురి పెళ్లప్పుడు వీధిలో సగం ఇళ్ల నుంచి సామాను తెచ్చారు. గుండిగలు, బేసిన్లు, తప్పేలాలు, పళ్లేలు, గరిటెలు. పెళ్లయిన మర్నాడు పెరట్లో కుళాయి దగ్గర అన్నీ తోమి బోర్లించాక అసలు కథ మొదలైంది. ఎవరివి వాళ్లకి చేర్చాలి. స్టీలు గిన్నెలన్నీ ఒక్కలాగే ఉంటాయి కదా. మా పెద్దమ్మ ఒక్కోటీ ఎత్తి అంచు దగ్గర వెలుతురుకి తిప్పి పేరు చదువుతోంది, మేం పిల్లలం తీసుకెళ్లి విడివిడిగా పెడుతున్నాం.

ఒక తప్పేలా దగ్గర ఆగిపోయింది. దాని మీద ‘వి.ఎల్.’ అని రెండే పొడి అక్షరాలు. పెద్దమ్మ తోటికోడలు అది తనదంది. ఎదురింటి మామ్మగారు ఊరుకోలేదు.

“మీదెందుకవుతుందమ్మా? మేమూ వి.ఎల్.లమే కదా!”

“అయితే అయ్యారు గానీ మామ్మగారూ, ఈ సొట్ట నాకు గుర్తేనండీ.”

“సొట్ట లేని తప్పేలా ఏ ఇంట్లో ఉంది తల్లీ?”

మామ్మగారు ఇంకో మాట అనకుండా గిన్నె లాక్కుని బోర్లించి, అడుగున మిగిలిన మసిని పీచుతో గట్టిగా రుద్దారు. నల్లటి నీళ్లు కారిపోయాక, మిషన్‌తో చుక్కలు చుక్కలుగా చెక్కిన తేదీ ఒకటి బయటపడింది. “మా కోడలి సారె సామాను ఇది. నెల, సంవత్సరం చూసుకో” అన్నారు. పెద్దమ్మ తోటికోడలు ఆ ఏడాదికి ఇంకా బళ్లో చదువుకుంటోంది. కిమ్మనకుండా గరిటెల వైపు వెళ్లిపోయింది.

పేరు తేల్చలేని గొడవని తేదీ తేల్చింది చూడండి. అందుకే నేను ఇంట్లో దేనికైనా రాస్తే తేదీయే రాస్తాను. ఆవకాయ జాడీ మీద ‘ఆవకాయ’ అని రాయను, ఏ ఏడాదిదో రాస్తాను. అదీ మూత మీద కాదు, జాడీ మీదే. మూతలు కడిగేటప్పుడు మారిపోతాయి.

ఇక నాకు ఒళ్లు మండే విషయం మాత్రలు. నాలుగు చాలు అంటే మందుల షాపులో స్ట్రిప్‌ని కత్తెరతో కోసి ఇచ్చేస్తారు. చాలా వాటిమీద బ్యాచ్ నంబరూ గడువు తేదీ ఒక కొసనే అచ్చు వేస్తారు. ఆ కొస షాపులో ఉండిపోతుంది, మనకి మధ్య ముక్క వస్తుంది. ఒకసారి అడిగితే “నిన్ననే వచ్చిన స్టాకమ్మా, టెన్షన్ పడకండి” అన్నాడు. నిన్న వచ్చినంత మాత్రాన గడువు లేకుండా పోతుందా? 2023 ఆగస్టు నుంచి 300 మందుల బ్రాండ్లకి క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు, మంచిదే. కోసిన ముక్కతో ఆ కోడ్ మన చేతికి రాకపోతే స్కాన్ చేసేదేమిటి? తేదీ ఉన్న ముక్కే అడగండి, లేదంటే బిల్లు తీసుకోండి. బిల్లులో బ్యాచ్, గడువు ఉన్నాయో లేదో అక్కడే చూసుకుని దాన్ని మాత్రలతో కలిపి పిన్ను కొట్టి పెట్టండి. ఇంట్లో వేసుకునేటప్పుడు కూడా తేదీ లేని వైపు నుంచే మొదలుపెట్టండి. స్ట్రిప్ మీద నిలువుగా ఎర్రగీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా వేసుకోకూడదని అర్థం. ఆ గీత చాలామందికి డిజైన్‌లా కనిపిస్తుంది.

అన్నట్టు, కొత్త స్టీలు పళ్లెం సరిగ్గా మధ్యలో స్టిక్కర్ అంటించే మహానుభావులెవరో గానీ వాళ్లకి ఒక దణ్ణం. కొబ్బరినూనె రాసి ఓ పూట వదిలేస్తే జిగురు పోతుంది. గోళ్లతో గీకకండి.

కంటికి అందని సంగతి లేబులే చెప్పాలన్న సూత్రం తిండి ప్యాకెట్లకీ వర్తిస్తుంది. ముందువైపు గోధుమ కంకుల బొమ్మ చూసి మోసపోకండి, వెనక్కి తిప్పండి. పదార్థాలు బరువులో ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదానికి వరసగా రాయాలని నిబంధన. మొదటి మాట మైదా అయితే అది మైదా బిస్కెట్టే, ఎన్ని కంకులు వేసినా.

చివరిగా గ్యాస్ సిలిండర్. పైన చేతిపిడిని పట్టి ఉంచే మూడు ఇనుప పట్టీలుంటాయి. వాటిలో ఒకదాని లోపలివైపు పెయింట్‌తో ఒక అక్షరం, రెండంకెలు ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే జూన్ వరకు, సి అంటే సెప్టెంబర్ వరకు, డి అంటే డిసెంబర్ వరకు. బి-28 అని ఉంటే 2028 జూన్‌లోపు ఆ సిలిండర్‌ని మళ్లీ పరీక్ష చేయాలి. వాట్సాప్‌లో చెప్పినట్టు ఆ మర్నాడే పేలిపోదు గానీ, గడువు దాటింది ఇస్తే తీసుకోవాల్సిన పనీ లేదు, వెనక్కి పంపండి. డెలివరీ అబ్బాయి తొందరపెడతాడు. మీరు చూశాకే ఓటీపీ చెప్పండి.