ముందు బొమ్మ చూడు, తర్వాత బాధపడు

తమ్ముడూ,

నీ వ్యాసం చదివా. యుద్ధం మీద ప్రింట్లు, అంటే ప్లేటు మీద చెక్కి అచ్చుతీసే బొమ్మలు, వేసినవాళ్ల గురించి రాయాలనిపించడమే బాగుంది, కానీ ఘోరం, దారుణం, హృదయవిదారకం అనే మాటలు ఒక్క పేజీలో ఎన్నిసార్లు వాడావో నువ్వే లెక్కపెట్టుకో. స్పెయిన్ చిత్రకారుడు గోయా బొమ్మ ఎదురుగా పెట్టుకుని అయ్యో అయ్యో అంటూ కూర్చుంటే చదివేవాడికి నీ ఏడుపు కనిపిస్తుంది గానీ బొమ్మ కనిపించదు.

నెపోలియన్ సైన్యం స్పెయిన్ మీద పడ్డప్పటి యుద్ధం గురించి ఆయన వేసిన 'యుద్ధ ఘోరాలు' (Disasters of War) సిరీస్‌లో 36వ ప్లేట్ తెరిచి చూడు. చెట్టు మోడుకి ఒకణ్ణి ఉరేశారు, ప్యాంటు జారి కాళ్ల దగ్గర పడుంది, వెనకాల ఇంకొందరు వేలాడుతున్నారు. సరే, ఇది నువ్వూ రాశావ్. మరి కుడివైపు ఫ్రెంచి సైనికుడు ఏం చేస్తున్నాడు? రాతిదిమ్మ మీద మోచెయ్యి ఆనించి, చెయ్యి గడ్డం కింద పెట్టుకుని, టీకొట్టు దగ్గర పొద్దుపోక కూర్చున్నవాడిలా తీరిగ్గా శవాన్ని చూస్తున్నాడు. అసలు భయం వేసేది అక్కడ, నువ్వేమో ఆ మోచెయ్యి వదిలేశావ్.

26వ ప్లేట్ ఇంకా గట్టిది. మోకాళ్ల మీద పడి బతిమాలుతున్న జనం, కుడి అంచు నుంచి లోపలికి పొడుచుకొచ్చిన తుపాకుల బాయ్‌నెట్ మొనలు, అంతే, పట్టుకున్నవాళ్లు ఫ్రేమ్‌లోనే లేరు. కింద క్యాప్షన్ 'చూడలేం' అని. మనం రాసేటప్పుడు హంతకుడి మీసం, బూట్లు, కళ్లలో ఎర్రజీరలు అన్నీ రాసేస్తాం కదా, ఆయన మాత్రం వాణ్ణి బొమ్మ బయటే నిలబెట్టేశాడు.

ఇవన్నీ రాగి ప్లేట్ల మీద, 1810 నుంచి 1820 మధ్య చేసినవి. ప్లేటుకి మైనం లాంటి పూత పూసి సూదితో గీస్తారు, యాసిడ్‌లో పెడితే గీసినచోట రాగిని తినేస్తుంది, ఆ గాట్లలో ఇంకు నింపి ప్రెస్‌లో తీస్తారు, దీన్నే ఎచింగ్ అంటారు. బతికుండగా ఆయన ఈ సిరీస్ మార్కెట్లోకి వదల్లేదు, 1828లో పోయాడు, 80 ప్లేట్లతో మొదటిసారి అచ్చయింది 1863లో. పేరొస్తుందని చేసిన పని కాదు, కాబట్టి నీకు ఇంకా లైకులు రావట్లేదని దిగులు పెట్టుకోకు.

ఫ్రెంచి కళాకారుడు జాక్ కాలో సంగతి వేరు. 1633 నాటి ఆయన ప్రింట్లు బాగా చిన్నవి, దూరం నుంచి చూపిస్తాడు, పెద్ద చెట్టుకి దోపిడీ చేసిన సైనికులు వరసగా వేలాడుతుంటారు, దాని కింద డ్రమ్ము మీద పాచికలు ఆడేవాళ్లు కూడా ఉంటారు, జూమ్ చేస్తే గానీ దొరకరు. దూరంగా నిలబడి చెప్పడం అంటే జాలి లేకపోవడమే అని నువ్వు రాశావ్, నేనొప్పుకోను, అన్ని శవాలు ఒక్కసారి కనపడాలంటే దూరం కావాల్సిందే.

జర్మన్ కళాకారిణి కేథే కోల్విట్జ్‌ని రెండు లైన్లలో లాగించేశావ్, అది మాత్రం అన్యాయం. ఆమె కొడుకు పీటర్ 1914లో మొదటి ప్రపంచయుద్ధంలో పోయాడు. ఎచింగ్, లితోగ్రాఫ్ (రాతి మీద గీసి అచ్చుతీయడం) ట్రై చేసి తృప్తి లేక చివరికి చెక్క చెక్కింది, ఏడు ఉడ్‌కట్లు. వాటిలో యుద్ధభూమే ఉండదు. ఒకదాంట్లో తల్లులంతా ఒకరినొకరు చుట్టుకుని పిల్లల్ని మధ్యలో దాచుకుంటారు, నల్లటి ముద్దలోంచి మొహాలూ చేతులే బయటికొస్తాయ్. ఇంకో జర్మన్ చిత్రకారుడు ఒట్టో డిక్స్ మాత్రం 1924లో 50 ఎచింగుల్లో కుళ్లూ పురుగులతో సహా కందకాలన్నీ చూపించాడు, ఎందుకంటే అదే యుద్ధంలో మెషిన్‌గన్ పట్టుకుని అక్కడ ఉన్నవాడు. ఈ ఇద్దర్నీ పక్కపక్కన పెట్టు, వ్యాసానికి అదే వెన్నెముక అవుద్ది.

నెపోలియన్ చరిత్ర పేరా తీసెయ్, గూగుల్‌లో ఎవరికైనా దొరుకుద్ది. మోచెయ్యితో మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు, ఈసారి ఎర్రపెన్ను పట్టుకునే చదువుతా.